అప్‌డేట్: మా సంఘంలో పాటల వివాదం ఎంతవరకు వచ్చిందంటే

ఆదివారపు ఆరాధనలో పాత కీర్తనలే పాడాలనే పెద్దలకు, కీబోర్డు, డ్రమ్స్‌తో కొత్త పాటలు కోరే యువజనులకు మధ్య మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం రెండుగా చీలిపోతున్నదని, ఏమి చేయవచ్చునో చెప్పమని ఇదివరకు అడిగాను. సలహాలు ఇచ్చిన వారందరికీ వందనాలు.

ఆరాధనను రెండుగా విడదీయాలన్న సూచనను పాస్టర్‌గారు అంగీకరించలేదు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ నేపథ్యాల వారు ఏళ్ల తరబడి చర్చించుకొని 1947లో ఒక్కటైన సంఘం మనది, పాటల కోసం విడిపోవడం తగదని ఆయన అన్న మాట నాకు సబబుగానే తోచింది. అందుకు బదులుగా గృహ కూడికలను వయసుల వారీగా కాక వీధుల వారీగా ఏర్పాటు చేశారు. అక్కడ బైబిలులో సంఘ ఐక్యతను గురించి చెప్పే ఎఫెసీ పత్రిక నాలుగవ అధ్యాయాన్ని నెమ్మదిగా ధ్యానిస్తున్నాము. (చర్చలో యువజనులే ఎక్కువగా మాట్లాడడం నేను ఊహించలేదు.) ఒక కూడికలో ఒక పెద్దావిడ తన చేతిరాత పుస్తకం చూసి కీర్తన పాడుతుండగా, గిటారు వాయించే కుర్రవాడు శ్రుతి అందక ఆగి, "అమ్మమ్మగారూ, ఆ చరణం మళ్లీ పాడరా" అని అడిగాడు. ఆ కీర్తననే తరువాత ఆదివారం గుడిలో ఇద్దరూ కలిసి పాడించారు.

ప్రభురాత్రి భోజనానికి (రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ఆచారానికి) ముందు ఒకరి చేతులను ఒకరు పట్టుకొని సమాధానాన్ని, అంటే శాంతిని, అందించుకొనే క్రమాన్ని కూడా ఇప్పుడు తొందరపడకుండా, చివరి బెంచీ వరకు పాటిస్తున్నారు.

డ్రమ్స్ శబ్దం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అలిగి వెళ్లిపోయిన కుటుంబాల ఇళ్లకు పాస్టర్‌గారు ప్రార్థనకు వెళ్లి వస్తున్నారు.