ఏకపాత్రాభినయం: నటి మనోరమ జీవితాన్ని పది నిమిషాల్లోకి ఎలా కుదించాలి?

ఆమదాలవలస_పిల్ల

అందరికీ నమస్కారం. వచ్చే నెల విజయనగరంలో కాలేజీల మధ్య పోటీలున్నాయి. ఏకపాత్రాభినయంలో తమిళ హాస్యనటి మనోరమ పాత్ర వెయ్యాలని ఉంది. పనిమనిషి కూతురు వెయ్యి సినిమాల దాకా ఎదిగిన కథ కదా అని ఎంచుకున్నాను.

నియమాలు: పది నిమిషాలు. ఎనిమిదో నిమిషానికి ఒక గంట కొడతారు, పదికి రెండు గంటలు, ఆపైన మార్కులు కోస్తారు. సినిమా పాటలు, రికార్డు చేసిన సంగీతం కుదరవు. ఒక కుర్చీ, ఒక కాలర్ మైకు వాళ్ళే ఇస్తారు. మధ్యలో లోపలికెళ్ళి వేషం మార్చుకోడానికి లేదు.

స్క్రిప్టు ఆరు పేజీలొచ్చింది. ఊరికే చదివితేనే పదమూడు నిమిషాలు పడుతోంది. ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి? పన్నెండేళ్ళ పిల్ల నుంచి ముసలావిడ దాకా మేకప్ మార్చకుండా ఎలా చూపించాలి? మన ఉత్తరాంధ్ర యాస వాడొచ్చా? ఇంకో సంగతి, నవ్వాల్సిన చోట జనం నవ్వట్లేదు, అయ్యో పాపం అంటున్నారు. ఎందుకంటారు?

గంటస్తంభం

పదమూడు నిమిషాలొచ్చిందంటే పుట్టినప్పటి నుంచి పోయేదాకా అన్నీ రాసేసి ఉంటావమ్మా. అది పాత్ర కాదు, బయోడేటా. ఆవిడ జీవితంలో స్టేజి మీద ఆడించదగ్గ చోట్లు నాలుగు. మిగతాది ఒక్కో వాక్యంలో దాటించెయ్.

మొదటిది పల్లత్తూరు. అసలు పేరు గోపిశాంత, 1937 మే 26న మన్నార్‌గుడిలో పుట్టింది. తండ్రి వేరే పెళ్ళి చేసుకుంటే తల్లి ఈ పిల్లని తీసుకుని చెట్టినాడులోని పల్లత్తూరు చేరి ఇళ్ళల్లో పాచిపని చేసింది. తల్లికి జబ్బు చేసేసరికి పదకొండేళ్ళకే పిల్ల బడి మానేసి తనూ పనికెళ్ళింది. దీనికి ఒకటిన్నర నిమిషం చాలు.

రెండోది అసలైన సీను. ఊళ్ళోకి నాటకం కంపెనీ వచ్చింది. చిన్న వేషం వెయ్యాల్సిన నటికి పాట సరిగ్గా రావట్లేదు. ఆమె బదులు ఈ పిల్లని నిలబెట్టారు. మూడు నిమిషాలు ఇక్కడే ఖర్చుపెట్టు. ఎందుకంటే ఇక్కడ చెప్పడం కాదు, చెయ్యడం ఉంది: తెర పక్కనుంచి తొంగిచూడడం, పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవర్నో అనుకోవడం, గొంతు విప్పడం. మనోరమ అన్న పేరు కూడా నాటకాలవాళ్ళు పెట్టిందే, దర్శకుడు తిరువేంగడం, హార్మోనిస్టు త్యాగరాజన్ కలిసి. ఆ ముక్క సీను చివర పెడితే గోపిశాంత లోపలికెళ్ళి మనోరమ బయటికొచ్చినట్టుంటుంది.

మూడోది 1958. కవి కణ్ణదాసన్ తీసిన మాలైయిట్ట మంగైలో హాస్య వేషం. హీరోయిన్‌గా వెళ్తే మూడు నాలుగేళ్ళలో పక్కన పెట్టేస్తారు, హాస్యమైతే నిలబడిపోతావు అని ఆయన అన్నాడని ఆవిడే తర్వాత చెప్పుకుంది. 1963లో కొంజుం కుమరిలో కథానాయిక వేషమూ వేసింది, కానీ ఆయన మాటే నెగ్గింది. ఇది రెండు నిమిషాలు.

నాలుగోది ఐదుగురు ముఖ్యమంత్రులు. అన్నాదురై, కరుణానిధిలతో నాటకాల్లో, ఎం.జి.ఆర్., జయలలిత, ఎన్.టి.ఆర్.లతో సినిమాల్లో కలిసి నటించింది. విజయనగరం జనానికి ఎన్.టి.ఆర్. పేరు ఆఖర్న చెప్పాలి. మధ్యలో చెప్పావంటే చప్పట్లకి తర్వాతి పేరు మునిగిపోతుంది.

అంకెల్లో ఒక జాగ్రత్త. వెయ్యి సినిమాలకి గిన్నిస్ బుక్ కెక్కింది 1985లో. మొత్తం మీద చేసినవి 1500 పైనే. ఈ రెండూ కలిపేస్తే న్యాయనిర్ణేతల్లో తెలిసినవాళ్ళు పట్టేస్తారు. చనిపోయింది 2015 అక్టోబరు 10న. హాస్యనటుడు నాగేష్‌తో జంట, పద్మభూషణ్, జాతీయ అవార్డు లాంటివన్నీ ఒక్క శ్వాసలో అనెయ్.

తెరవెనక

గంటస్తంభం మాస్టారూ, పద్మభూషణ్ కాదండి, పద్మశ్రీ, 2002లో. జాతీయ అవార్డు పుదియ పాదై సినిమాకి, సహాయనటిగా.

అమ్మాయికి వయసు సంగతి చెప్తాను. మేకప్ జోలికే వెళ్ళకు. ముందే జుట్టుకి తెల్ల పౌడర్ కొట్టేస్తే పన్నెండేళ్ళ పిల్ల సీను చచ్చిపోతుంది. పని చీరకొంగుతో అయిపోతుంది. పనిపిల్లగా ఉన్నప్పుడు కొంగు చుట్టూ తిప్పి నడుములో గట్టిగా దోపు, కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పక్కకి చెక్కు. నాటకం కంపెనీలో అడుగుపెట్టగానే కొంగు లాగి ఎడమ భుజం మీంచి వదిలెయ్. సినిమాల్లో నిలదొక్కుకున్నాక కొంగు చివర ఎడమచేతి మీద వేసుకో. ముసలితనానికి అదే కొంగు వీపు మీంచి తెచ్చి రెండు భుజాలూ కప్పుకో. నాలుగు మార్పులు, ఒక్కోటి మూడు సెకన్లు దాటకూడదు, ఒక్కటీ జనానికి వీపు పెట్టి చెయ్యకూడదు.

చీర నూలుదే కట్టు. పొందూరు ఖద్దరు చీర దొరికితే స్టేజి మీద అందంగానే ఉంటుంది గానీ గంజి పెట్టింది వద్దు. దోపిన కొంగు లాగినప్పుడు ముడతలు అలాగే నిలబడిపోతాయి, పైగా మైకులో కాగితం నలిపినట్టు వినిపిస్తుంది. నాలుగైదుసార్లు ఉతికిన చీరైతే మేలు. భుజం దగ్గర పిన్ను పెట్టకు, కొంగు కదలదు. కుచ్చిళ్ళకి లోపల వైపు రెండు పిన్నులు మాత్రం తప్పనిసరి.

కాలర్ మైకు దగ్గర అందరూ చేసే తప్పు కొంగుకి తగిలించడం. నీ నాటకమంతా కొంగు మీదే నడుస్తున్నప్పుడు పది నిమిషాలూ గరగరే. జాకెట్టు మెడ అంచుకి కుడివైపు పెట్టు, కొంగు ఎడమ భుజం మీద కదా ఉండేది. మంగళసూత్రం, పూసల దండ లాంటివి మైకుకి తగలకూడదు. వైరు జాకెట్టు లోపలినుంచి వెనక్కి తెచ్చి, డబ్బా నడుం వెనక పెట్టుకుని, పైన పట్టీ కట్టు. లేకపోతే చీపురు పట్టి వంగినప్పుడు ఊడి కింద పడుతుంది.

వంగడం అన్నాను కాబట్టి, ఊడుస్తూ మాట్లాడకు. తల నేలవైపు ఉంటే మాట అక్కడే ఆగిపోతుంది, ముఖమూ కనపడదు. మూడుసార్లు ఊడ్చు, ఆగు, చీపురు మీద చెయ్యి ఆనించి లేచి మాట అను, మళ్ళీ ఊడ్చు. ముసలితనంలో నడుం వంచి వణకడం అందరూ చేస్తారు. మనోరమ అలా ఎప్పుడు నడిచింది? 2009లో అరుంధతిలో చంద్రమ్మగా మనవాళ్ళంతా చూశారు. వణుకు కన్నా నెమ్మది ముఖ్యం. కుర్చీలో కూర్చునేటప్పుడు ముందు చేత్తో కుర్చీని తడిమి చూసుకుని, తర్వాత కూర్చో. డెబ్భై ఏళ్ళు అక్కడ కనపడతాయి.

నాగావళి_గట్టు

జనం ఎందుకు జాలిపడుతున్నారంటే, స్క్రిప్టు చూడకుండానే చెప్పొచ్చు: నువ్వే ముందు జాలిపడుతున్నావు. చీపురు పట్టగానే గొంతు బరువెక్కుతోంది కదూ? ఆ పిల్లకి అది రోజూ చేసే పని. పనిలో ఉన్న మనిషి తనని చూసి తను ఏడవదు. గొంతు మామూలుగా, కొంచెం హుషారుగా ఉండాలి. బాధని జనం వాళ్ళంతట వాళ్ళు పట్టుకోవాలి.

రెండో కారణం వాక్యం. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది. నవ్వు తెప్పించే మాట మధ్యలో పడి, చివర "అవ్వడం వల్ల", "అన్నమాట" లాంటివి వస్తే నవ్వు మింగుడుపడిపోతుంది. ఇది చూడు:

"మా అమ్మే ఊళ్ళో పనిమనిషి అవ్వడం వల్ల మా ఇంటికి పనిమనిషి లేకుండా పోయింది."

సమాచారం ఉంది, నవ్వు లేదు. ఇప్పుడిలా:

"పల్లత్తూరులో పెద్దిళ్ళన్నిటికీ పనిమనిషి ఉంది. మాకు లేదు. ఎలగుంటాది? ఆ పనిమనిషి మా అమ్మ."

"మా అమ్మ" తర్వాత ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. "కదా", "మరి" ఏదీ వద్దు. "మాకు లేదు" దగ్గర ఒక లెక్క ఆగు, "ఎలగుంటాది" గబుక్కున అను, ఆఖరి ముక్క నెమ్మదిగా. సగం హాలు నవ్వుతుంది, నవ్వు సగంలో ఉండగా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మనక్కావలసింది అదే.

నవ్వు వచ్చాక ఎప్పుడు అందుకోవాలన్నది ఇంకో చిక్కు. పూర్తిగా చల్లారేదాకా ఆగితే వేడి పోతుంది. మధ్యలో మాట్లాడితే తర్వాతి మాట ఎవరికీ వినపడదు, పైగా ఇంక నవ్వకూడదేమో అనుకుంటారు. నవ్వు పైకి లేచి సగానికి దిగుతున్నప్పుడు అందుకోవాలి. ఆ ఖాళీలో ఊరికే నిలబడకు, చేతిలో ఏదో ఒక పని ఉండాలి. చీపురు పుల్ల సరిచేసుకో.

యాస సంగతి. మనోరమకి మన యాస పెట్టడం తప్పేమీ కాదు, ఆవిడే యాసల మనిషి. 1968లోనే రెండు చేసింది. బొమ్మలాట్టంలో మద్రాసు పేటల భాష, తిల్లానా మోహనాంబాళ్‌లో నాటకాల జిల్ జిల్ రమామణి. కానీ గోపిశాంతని "నానేటి సేసీది" అనిపించి, కణ్ణదాసన్‌ని గ్రాంథికంలో మాట్లాడిస్తే మాత్రం మన యాస పనిమనిషి భాష అయిపోతుంది. సినిమాల్లో మనల్ని చేస్తున్నది చాలదూ? పెడితే అందరికీ పెట్టు. కవి గారూ "బేగి రాయే గుంటా" అనాలి.

నాకైతే ఇంకో దారి బాగుంటుందనిపిస్తుంది. మాట్లాడేది మనోరమ కాదు, శ్రీకాకుళంలో నాటకాలకి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఒక అప్ప (అక్క). "ఓలమ్మ, ఆవిడ కత తెల్దేటే నీకు?" అని మొదలెట్టి చెప్పుకుపోతుంది. యాస దానంతటదే కుదిరిపోతుంది.

గంటస్తంభం

తెరవెనక చెప్పింది నిజమే, పద్మశ్రీయే. దిద్దుకున్నాను.

నాగావళి గారూ, బట్టలప్ప ఆలోచన వినడానికి బాగుంది, పోటీలో ముంచుతుంది. ఏకపాత్రాభినయంలో పాత్రలోకి దూరాలి. పక్కన నిలబడి చెప్తే అది కథ చెప్పడం అయిపోతుంది. కావాలంటే మొదటి ముప్పై సెకన్లు అప్ప ఉండొచ్చు, చేతిలో చీర మడతపెడుతూ. ఆ చీరే కప్పుకుని గోపిశాంత అయిపోవాలి, మళ్ళీ అప్ప రాకూడదు. మధ్యమధ్యలో వచ్చి వ్యాఖ్యానం చేసిందంటే పదేసి సెకన్ల చొప్పున నిమిషం తినేస్తుంది.

ఇంకో హెచ్చరిక. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊరు విజయనగరం. వెనక వరసల్లో కూర్చునే పెద్దలకి యాసని ఎక్కడ వాడారో, ఎక్కడ వెక్కిరించారో తేడా బాగా తెలుసు.

ఆమదాలవలస_పిల్ల

చాలా థాంక్స్ మాస్టారూ, అందరికీ. అప్పని మొదట్లో ముప్పై సెకన్లకే పెడతాను. రెండో సీనులో పాట పాడాలి కదా, సినిమా పాట కుదరదు. ఏం పాడాలి? మొత్తం ఎన్ని మాటలుంటే పదిలో సరిపోతుంది?

తెరవెనక

మాటలు 700 దాటనివ్వకు. హాస్యపాత్ర నిమిషానికి 80 మాటల దగ్గర నడుస్తుంది, అంటే ఎనిమిదిన్నర, తొమ్మిది నిమిషాలు. మిగతాది నవ్వులకి, కొంగు మార్పులకి. ఖాళీ గదిలో రిహార్సల్ ఎనిమిదిన్నరకి ముగిస్తేనే హాల్లో పదికి సరిపోతుంది. ఖాళీ గదిలోనే పదొస్తే అక్కడ పదకొండు. ఎనిమిదో నిమిషం గంట కొట్టేసరికి నువ్వు ముఖ్యమంత్రుల దగ్గర ఉండాలి. ఇంకా కణ్ణదాసన్ దగ్గరే ఉంటే 1963 ముక్క వదిలేసి ముందుకెళ్ళిపో. అక్కడ కోస్తే ఎవరికీ తెలీదు.

పాట విషయంలో, రెండు పాదాలు చాలు. మన వైపు ఊడ్పుల పాటో, జోల పాటో ఏదైనా జానపదం తీసుకో, తమిళం కోసం వెతక్కు. చిక్కు శ్రుతి దగ్గర వస్తుంది. పక్కన హార్మోనియం ఉండదు. శ్రుతి అంకె పెరిగినకొద్దీ గొంతు పైకెళ్ళాలి. మామూలుగా ఐదు శ్రుతిలో పాడే ఆడపిల్ల స్టేజి మీద, అందులోనూ పరుగెత్తుకొచ్చే సీను తర్వాత, తెలీకుండానే ఆరులో ఎత్తుకుంటుంది. రెండో పాదంలో పై స్థాయి అందక గొంతు చీలిపోతుంది. నాలుగున్నరలో సాధన చెయ్, కంగారులో పెరిగినా ఐదు, ఐదున్నర దగ్గర ఆగుతుంది. స్టేజి మీదికి వెళ్ళేముందు ఫోన్లో తంబురా పెట్టుకుని ఆ స్వరంలో ఒకసారి కూనిరాగం తీసుకో. ఎత్తుకునే ముందు వచ్చే మాటని కూడా అదే స్థాయిలో అంటే పాటలోకి జారడం తేలిక.

మొదటి పాదం భయంభయంగా, కాస్త గొంతు నొక్కి పాడు. రెండోది పూర్తిగా విప్పు. ఆ రెంటి మధ్య వేషం దొరికినట్టు జనానికి తెలియాలి, డైలాగు అక్కర్లేదు.

నాగావళి_గట్టు

ముఖ్యమంత్రుల దగ్గర ఎవరి గొంతూ అనుకరించకు. ఎన్.టి.ఆర్. గొంతు మొదలెడితే హాలు ఆపనివ్వదు, గంట మోగిపోతుంది. వేళ్ళు మడుస్తూ ఐదు పేర్లు చెప్పు, ఎన్.టి.ఆర్. దగ్గర పది సెకన్లు చప్పట్లకి వదులు, ఆ గుప్పిటని అలాగే చూసుకుంటూ:

"ఐదుగురు ముఖ్యమంత్రులతో నటించాను. ఒక్కరినీ అడగలేదు రేషన్ కార్డు."

ఇది మనం రాసుకున్న మాటే, ఆవిడ అన్నట్టు ప్రచారం చెయ్యకు. "రేషన్ కార్డు" ఎందుకు చివరికి నెట్టానో ఈపాటికి నీకు తెలుసు. అక్కడ నవ్వు దిగాక భుజాల మీద కొంగు కప్పుకుని, చెట్టినాడులో పెద్దింటి ఆడవాళ్ళని పిలిచే ఆచ్చి అన్న పిలుపుతోనే తమిళనాడంతా తనని పిలిచిందని ఒక్క ముక్క అనేసి, కుర్చీ తడుముకుని కూర్చో. నమస్కారం పెట్టడానికి మళ్ళీ లేవకు, మైకు డబ్బా కుర్చీ వీపుకి కొట్టుకుని టక్కుమంటుంది.