‘నార్దర్న్ డాన్సర్ వంశం’ అంటూ దాటింపుకు ఎక్కువ అడుగుతున్నారు: ఆ పేరుకు అంత విలువ ఉందా?

ప్రశ్న (ధర్మాబాద్ దగ్గరి పల్లె నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లా. మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో పెళ్ళి ఊరేగింపుల కోసం గుర్రాన్ని పెంచుతున్నాము. ఇక్కడి మరాఠీ వారి వరాతులకూ, బాసర వైపూ, గోదావరి దాటి నిజామాబాద్ వైపూ మన వాళ్ళ బరాత్‌లకూ అదే గుర్రం వెళ్తుంది. ఇప్పుడు ఉన్నది ఏడేళ్ళ తెల్లని ఆడ గుర్రం. బ్యాండు మోగినా, టపాకాయలు పేలినా చెవులు మాత్రమే కదిలించే నెమ్మదస్తురాలు. ఈ ఏడాది దానికి ఒక పిల్ల కావాలని మా ఆశ.

మార్గశిరంలో మాలెగాం ఖండోబా జాతరకు వెళ్ళినప్పుడు ఒక వ్యాపారి తన మగ గుర్రాన్ని చూపించాడు. ముదురు ఎరుపు ఒళ్ళు, నల్ల జూలు, మా గుర్రం కంటే జానెడు ఎత్తు. పందెం గుర్రాల జాతి అనీ, పూణేలో పరుగెత్తి వచ్చిందనీ చెప్పి, జేబులోంచి ప్లాస్టిక్ తొడుగు వేసిన ఒక కాగితం తీశాడు. అందులో తాత ముత్తాతల పేర్లు కొమ్మలు కొమ్మలుగా టైపు చేసి ఉన్నాయి. కుడి వైపు చివరి వరుసలో ఒక పేరు చుట్టూ నీలి సిరాతో గుండ్రంగా గీసి ఉంది. ఆ పేరు నార్దర్న్ డాన్సర్. ‘ప్రపంచంలోనే అంతకు మించిన విత్తన గుర్రం లేదు, అందుకే దాటింపుకు (ఆడ గుర్రంతో జత కట్టించడానికి) పదిహేను వేలు’ అన్నాడు. మా చుట్టుపక్కల మామూలుగా నడిచే ధరకు ఇది దాదాపు నాలుగింతలు. ఆ గుర్రం ముందరి ఎడమ కాలు మీద చెయ్యి వేస్తే గిట్టకు పైన, వెనుక వైపున, నరం కొంచెం ఉబ్బి తగిలింది.

అసలు నార్దర్న్ డాన్సర్ ఎవరిది, ఏమి గెలిచింది, దాని పేరు చెప్పి ఇంత అడగడం న్యాయమేనా అన్న విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (నాందేడ్ నుంచి, మలక్‌పేట పందేల పాత ప్రేక్షకుడు)

వ్యాపారి చూపించిన పేరు అబద్ధమని నేను అనను. నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. అయితే ఆ పేరు నిజమైనంత మాత్రాన అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఆ గుర్రం కథ మొదటి నుంచీ చెప్పాలి.

నార్దర్న్ డాన్సర్ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఓషావా దగ్గర ఇ.పి. టేలర్ అనే వ్యాపారవేత్తకు చెందిన విండ్‌ఫీల్డ్స్ ఫారంలో 1961 మే 27న పుట్టింది. తండ్రి నియార్క్టిక్, తల్లి నటాల్మా. ఆ తల్లికి మోకాలి గాయమై పందేలు ఆగిపోవడంతో 1960లో సీజను చివరన దాటించారు. పిల్ల ఆలస్యంగా పుట్టడానికి కారణం అదే. ఉత్తర దేశాల్లో పందెం గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు మారుతుంది కనుక, మే చివర పుట్టిన పిల్ల తోటివాటి పక్కన పొట్టిగా కనిపించడంలో వింత లేదు. ఏడాది పిల్లగా 25,000 డాలర్లకు అమ్మకానికి పెడితే ఒక్కరూ కొనలేదు. పెద్దయ్యాక కూడా దాని ఎత్తు మన లెక్కలో సుమారు అయిదడుగుల రెండంగుళాలు మాత్రమే. ముఖం మీద వంకర తెల్ల చార, మూడు కాళ్ళకు తెలుపు. సుడులూ మచ్చలూ లెక్కపెట్టే మాలెగాం బేరగాళ్ళ చేతిలో పడి ఉంటే ధర ఇంకా తగ్గి ఉండేది. పొగరు ఎక్కువగా ఉన్నందువల్ల విత్తులు తీయించమని శిక్షకుడు హొరేషియో లూరో సలహా ఇస్తే టేలర్ ఒప్పుకోలేదని చెబుతారు. ఆయన ఆ రోజు సరేనని ఉంటే మీ వ్యాపారి నీలి సిరాతో గీయడానికి ఇప్పుడు పేరే ఉండేది కాదు.

పందేల సంగతికి వస్తే, 18 పందేల్లో 14 గెలిచి, మిగిలిన నాలుగింటిలోనూ మొదటి మూడు స్థానాల్లోనే నిలిచింది. 1964లో అమెరికాలోని కెంటకీ డెర్బీ పందెంలో, అప్పటికి అందరూ గొప్పగా చెప్పుకొనే విల్లీ షూమేకర్ దీనిని కాదని హిల్ రైజ్ అనే పెద్ద గుర్రాన్ని ఎంచుకోగా, బిల్ హార్టాక్ దీని మీద ఎక్కి, సుమారు రెండు కిలోమీటర్ల దూరాన్ని సరిగ్గా 2 నిమిషాల్లో ముగించి, మెడంత తేడాతో హిల్ రైజ్‌నే ఓడించాడు. కెనడాలో పుట్టిన గుర్రం ఆ డెర్బీ గెలవడం అదే మొదటిసారి. 1973లో సెక్రటేరియట్ అనే గుర్రం వచ్చేదాకా ఆ సమయమే రికార్డు. తరువాత అక్కడే ప్రీక్‌నెస్ పందెం కూడా గెలిచి, ఇంకా పొడవైన బెల్‌మాంట్ పందెంలో మూడవదిగా వచ్చింది. స్వదేశానికి తిరిగి వచ్చి క్వీన్స్ ప్లేట్‌ను సునాయాసంగా గెలిచాక ముందరి కాలి నరం దెబ్బతిని పందేలు ఆగిపోయాయి. మీ చేతికి తగిలిన ఉబ్బు చదవగానే నాకు గుర్తుకు వచ్చింది ఇదే.

ఇంతవరకు జరిగినది ఒక మంచి పందెం గుర్రం కథ మాత్రమే. ఇంతకు మించి గెలిచిన గుర్రాలు చాలా ఉన్నాయి. దీనికి పేరు తెచ్చినవి దీని పిల్లలు. 1965లో 10,000 డాలర్ల రుసుముతో ఓషావాలో మొదలుపెట్టారు. 1968 చివర అమెరికాలోని మేరీల్యాండ్‌కు మార్చారు. దాని కొడుకు నిజిన్‌స్కీని 84,000 డాలర్లకు కొన్నారు. అది 1970లో ఇంగ్లండులో టూ థౌజండ్ గినీస్, ఎప్సమ్ డెర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచింది, ఆ తరువాత ఈనాటి వరకు మరే గుర్రమూ ఆ మూడింటినీ ఒకే ఏడాది గెలవలేదు. 1977లో మరో కొడుకు ది మిన్‌స్ట్రెల్ ఎప్సమ్ డెర్బీ గెలిచింది. లిఫార్డ్, నురేయెవ్, డాంజిగ్, సాడ్లర్స్ వెల్స్ కూడా దీని కొడుకులే. మొత్తం 640కి పైగా పిల్లల్లో 140కి పైగా స్టేక్స్ స్థాయి (పై తరగతి) పందేలు గెలిచాయి, అంటే అయిదింట ఒకటి కంటే ఎక్కువ. 1981లో, ఇరవయ్యేళ్ళ ముసలి గుర్రానికి యూరప్ కొనుగోలుదారులు 4 కోట్ల డాలర్లు ఇస్తామంటే యజమానులు వద్దన్నారు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఒక్క దాటింపు ధర, చూడి కడుతుందన్న హామీ కూడా లేకుండా, 10 లక్షల డాలర్ల వరకు పలికింది. 1987లో విశ్రాంతి ఇచ్చారు. 1990 నవంబరు 16న చనిపోతే ఓషావాకు తీసుకువెళ్ళి, పుట్టిన చోటే పూడ్చిపెట్టారు.

మరి ఇంత గొప్ప పేరుకు రూపాయి ఇవ్వవద్దని ఎందుకు అంటున్నాను? కాగితంలో ఆ పేరు చివరి వరుసలో ఉందన్నారు. అది ఆరవ తరమనుకుందాము. ఆ తరంలో మొత్తం 64 పూర్వికులు ఉంటాయి, వాటిలో ఇది ఒకటి. సగటున వచ్చే పాలు నూటికి ఒకటిన్నర. మీ గుర్రానికి పుట్టబోయే పిల్లలో అదీ సగమవుతుంది. పైగా నేటి పందెం గుర్రాల్లో నార్దర్న్ డాన్సర్ పేరు లేని దానిని వెతికి పట్టుకోవడమే కష్టం. నాందేడ్ గురుద్వారా లాయంలోని గుర్రాలు గురు గోవింద్ సింగ్ గారి గుర్రం సంతతివని అక్కడి వారి విశ్వాసం. ఆ వంశానికి వారు గౌరవం ఇస్తారు గాని, కాగితం చూపించి ధర కట్టరు.

జవాబు 2 (దెగ్లూర్ నుంచి)

పై జవాబు రాసినవారి లెక్క సరైనదే. కాని వంశానికి విలువే లేదన్న ధ్వనిని మాత్రం నేను ఒప్పుకోలేను. అదే నార్దర్న్ డాన్సర్ కొడుకు సాడ్లర్స్ వెల్స్ బ్రిటన్, ఐర్లండ్‌లలో 14 సార్లు చాంపియన్ సైర్ (ఆ ఏడాది తన పిల్లలు అందరికంటే ఎక్కువ బహుమతి సొమ్ము గెలిచిన విత్తన గుర్రం) అయింది. దాని కొడుకు గెలీలియో 12 సార్లు అయింది. గెలీలియో కొడుకు ఫ్రాంకెల్ 14 పందేల్లో 14 గెలిచింది. తండ్రి, కొడుకు, మనవడు, మునిమనవడు వరుసగా నిలబడితే దానిని అదృష్టం అనలేము. ఫ్రాన్స్‌లోని పెద్ద పందెం ఆర్క్‌ను రెండుసార్లు గెలిచిన ఎనేబుల్ అనే ఆడ గుర్రానికి తల్లి వైపు తాతా, తండ్రి వైపు ముత్తాతా సాడ్లర్స్ వెల్స్ ఒక్కటే. అంత దగ్గరి సంబంధాన్ని పెంపకందారులు తెలిసి కలిపారంటే ఆ రక్తం మీద వారికి ఎంత నమ్మకం ఉండాలి!

మన దేశానికి కూడా ఈ వంశం నేరుగా వచ్చింది. రజీన్ నార్దర్న్ డాన్సర్ సొంత కొడుకు. 1990 ఎప్సమ్ డెర్బీలో అందరి ఆశలూ మోస్తూ దిగి వెనకబడిన ఆ గుర్రం, తరువాత భారతదేశంలో అనేకసార్లు చాంపియన్ సైర్ అయింది. కనుక ఆ పేరు కాగితంలో ఎక్కడుందో, ఏ దారిన వచ్చిందో చూడకుండా తీర్పు చెప్పకూడదు.

జవాబు 3 (బిలోలి నుంచి, పశుసంవర్ధక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను)

ఇద్దరు పెద్దలూ వంశం గురించే మాట్లాడారు. నేను కాలు గురించి, కాగితం గురించి చెబుతాను.

కాగితం మీద ఎవరైనా ఏ పేరైనా టైపు చేయవచ్చు. మన దేశంలో పందెం గుర్రాల వంశావళిని పూణేలోని స్టడ్ బుక్ అథారిటీ నమోదు చేస్తుంది. నమోదైన గుర్రానికి పాస్‌పోర్టు ఉంటుంది. అందులో ఒంటి మీది సుడులు, తెల్లని గుర్తులు బొమ్మలో గీసి ఉంటాయి. నేటి గుర్రాలకు మెడలో మైక్రోచిప్ కూడా ఉంటుంది. ఆ పుస్తకం అడగండి, బొమ్మను గుర్రం పక్కన పెట్టి సరిచూడండి. అయితే ఒక మాట ముందే చెప్పాలి. మీ ఆడ గుర్రం ఆ జాతిది కాదు కనుక, తండ్రి ఎంతటిదైనా మీ పిల్ల ఆ పుస్తకానికి ఎక్కదు. అందువల్ల ఆ పేరు మీకు అమ్ముకోవడానికి పనికిరాదు.

కాలి ఉబ్బు సంగతి. డాంజిగ్ మోకాళ్ళు బాగాలేక మూడే మూడు పందేలు పరుగెత్తి, మూడూ గెలిచి మానేసింది. అయినా 1991 నుంచి 1993 వరకు అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న విత్తన గుర్రం అదే. కనుక పాత గాయం ఉన్నంత మాత్రాన పిల్లలు చెడిపోవు. చూడవలసినది కాలి పొందిక పుట్టుకతో ఎలా ఉందన్నది: మోకాలు వెనక్కు వంగి ఉందా, గిట్టలు లోపలికి తిరిగి ఉన్నాయా అన్నది. అది పిల్లకు దిగుతుంది. ఉబ్బు వేడిగా ఉంటే మాత్రం ఆ గుర్రానికి ఇప్పుడు విశ్రాంతి కావాలి. రెండు ముందు కాళ్ళనూ ఒకేసారి పట్టి చూస్తే తేడా అరచేతికే తెలుస్తుంది.

మరొకటి అడిగి తెలుసుకోవాలి: ఆ మగ గుర్రం వల్ల ఇంతకు ముందు ఎన్ని ఆడ గుర్రాలు చూడి కట్టాయి? 1983లో నార్దర్న్ డాన్సర్ కొడుకు స్నాఫీ డాన్సర్‌ను వేలంలో 1 కోటి 2 లక్షల డాలర్లకు కొన్నారు. అది ఒక్క పందెమూ పరుగెత్తలేదు; తరువాత విత్తనానికి పెడితే దాని వల్ల చూడి కట్టినవి కూడా బహు కొద్ది. అంత దగ్గరి రక్తానికే అలా జరిగింది.

చివరగా మీ పని గురించి. గుర్రానికి చూడి కాలం సుమారు పదకొండు నెలలు. మాఘంలో దాటిస్తే వచ్చే పుష్యంలో ఈనుతుంది, అంటే కార్తిక, మార్గశిర మాసాల పెళ్ళిళ్ళకు దానిని పంపలేరు. పందెం జాతి రక్తం చురుకుదీ, బెదురుదీ కూడా. పుట్టిన పిల్ల తల్లిలాగా బ్యాండు ముందు నిలబడుతుందన్న నమ్మకం నాకు లేదు.

ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఫోను చేసి పాస్‌పోర్టు అడిగాను. అది పాత యజమాని దగ్గరే ఉండిపోయిందనీ, పదిహేను వేలు కాకపోతే ఎనిమిది వేలకు ఒప్పుకుంటాననీ అన్నాడు. పిల్లలు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగితే ఇదే మొదటి ఏడాది అన్నాడు.

దెగ్లూర్ పెద్దలు చెప్పిన ప్రకారం కాగితం మళ్ళీ చూశాను. ఫోనులో తీసిన ఫొటో ఉంది. నార్దర్న్ డాన్సర్ పేరు తల్లి వైపున, ఆరవ వరుసలో ఉంది. రజీన్ పేరు ఎక్కడా లేదు.

జవాబు 1 రాసినవారి నుంచి మళ్ళీ

దెగ్లూర్ వారి మాటలో న్యాయముంది. సాడ్లర్స్ వెల్స్ వరుసను నేను తక్కువ చేయలేదు. వారు ఇచ్చిన ఉదాహరణలన్నీ రెండు మూడు తరాల లోపువి, పైగా ఎంపిక చేసిన తల్లులతో కలిపినవి. తల్లుల పాత్ర ఎంతటిదో చూడండి: నార్దర్న్ డాన్సర్ అమ్మమ్మ ఆల్మహ్మూద్ మరో కూతురి ద్వారా హేలో అనే విత్తన గుర్రానికి కూడా అమ్మమ్మే. జపాన్ గుర్రాల పెంపకాన్ని మార్చేసిన సండే సైలెన్స్ ఆ హేలో కొడుకు. అలాంటి తల్లుల పేర్ల చుట్టూ ఎవరూ నీలి సిరాతో గీయరు. బెల్‌మాంట్‌ను 31 లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచిన సెక్రటేరియట్‌కు కూడా కొడుకుల కంటే కూతుళ్ళే పేరు నిలబెట్టాయి. పేరున్న విత్తన గుర్రం స్టార్మ్ క్యాట్ తల్లి దాని కూతురే. మీ ఇంటి గుర్రం నెమ్మదితనం గురించి మీరు రాసిన వాక్యం మీద నాకు ఆ కాగితం కంటే నమ్మకం ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

బిలోలి దగ్గర ఒకరి కాఠియావాడీ జాతి మగ గుర్రానికి రెండు పిల్లలు ఉన్నాయని తెలిసింది, ఒకటి మూడేళ్ళది, రెండవది ఏడాదిది. పెద్దది ఇప్పటికే ఊరేగింపులకు వెళ్తోందట. ఆదివారం ఆ ఊళ్ళో పెళ్ళి ఉంది. బ్యాండు మొదలయ్యే వేళకు వెళ్ళి చూసి వస్తాను.