మెల్‌బోర్న్ కార్నివాల్‌కి మొదటిసారి: ఏ రోజు వెళ్లాలి, ఏం కట్టుకోవాలి, ప్రామ్ తీసుకెళ్లొచ్చా?

టార్నీట్_తమ్ముడు (అక్టోబర్ 12, 2025)
అందరికీ నమస్కారం. మార్చిలో విజయవాడ నుంచి వచ్చాం. ఆఫీసులో నెల రోజులుగా గుర్రపు పందేల కార్నివాల్ మాటే. నవంబర్ మొదటి మంగళవారం సెలవని చెప్తే మా ఆవిడ "గుర్రాలు పరిగెత్తినా సెలవేనా" అని ఒకటే నవ్వు. ఒక్కసారైనా ఫ్లెమింగ్టన్ రేస్ కోర్సు చూడాలని ఉంది. పందేల మీద ఆసక్తి లేదు, ఇంట్లో ఐదు డాలర్లకి మాత్రం అనుమతి దొరికింది. నా సందేహాలు: డెర్బీ, కప్, ఓక్స్ అనే రేసు రోజుల్లో ఏ రోజు మంచిది? చీర కట్టుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుందా? తిండి పట్టుకెళ్లొచ్చా? బాబుకి ఏడాదిన్నర, ప్రామ్ (పిల్లల తోపుడు బండి) నడుస్తుందా?

గులాబీ_వదిన
చీర సంగతి తర్వాత తమ్ముడూ, ముందు చెప్పులు చూసుకోమను. మూడేళ్ల కిందట ఓక్స్ డేకి మంగళగిరి పట్టు కట్టుకుని, సూది మడమల చెప్పులు వేసుకుని వెళ్లాను. గడ్డిలో అడుగు పెట్టగానే మడమ మేకు దిగినట్టు దిగింది. నేను ముందుకి, చెప్పు వెనక్కి. చేతిలో చిప్స్ పొట్లం ఒకాయన కోటు మీద. ఆయన మంచివాడు కాబట్టి నవ్వేసి, వంగి చెప్పు పీకి ఇచ్చాడు. మిగతా రోజంతా హ్యాండ్‌బ్యాగులో ఉన్న హవాయి చెప్పులతోనే తిరిగాను. చీర మాత్రం బ్రహ్మాండం, ఎంతమంది ఆగి ఫొటోలు అడిగారో. డెర్బీ రోజు అయితే నలుపు తెలుపు కట్టుకోవడం ఆనవాయితీ. కప్ రోజుకి పసుపు గులాబీ పువ్వు, ఓక్స్‌కి గులాబీ రంగు గులాబీ పువ్వు పెట్టుకుంటారు.

రైలు_రాజు
సిటీ నుంచి రేస్ కోర్సుకే నేరుగా స్పెషల్ రైళ్లు వేస్తారు. తిరుగు ప్రయాణంలో క్యూ చూసి బెంబేలు పడితే 57 నంబర్ ట్రామ్ ఎక్కండి. కారు జోలికి పోవద్దు.

మలక్‌పేట_పాతకాపు
బాబూ, నేను మలక్‌పేటలో 40 ఏండ్లు రేసులు చూసినవాణ్ని. గాంధీ జయంతి నాడు డెక్కన్ డర్బీకి రెయిలింగ్ పట్టుకుని నిలబడని సంవత్సరం లేదు. ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చి ఆరేండ్లయింది. ఏ రోజు, ఏ చీర అని అడిగితే ఎట్ల? గుర్రం చూడటం నేర్చుకో. రేసుకి ముందు ప్యాడాక్‌లో తిప్పుతున్నప్పుడు వెనక తొడల నడుమ నురగ కడితే అది అప్పుడే సగం రేసు పరిగెత్తినట్టు, దాన్ని వదిలెయ్. చెవులు ముందుకి ఉండాలి, మెడ బిగపట్టొద్దు. ఇదేదీ తెలియకపోతే కప్‌లో ఒకటో నంబర్ మీద కట్టు. హ్యాండిక్యాపర్ (ఏ గుర్రం ఎంత బరువు మొయ్యాలో చెప్పేటోడు) అన్నిటికంటే మంచి గుర్రానికే ఎక్కువ బరువు వేస్తడు, ఎక్కువ బరువున్నదానికే ఒకటో నంబర్. అంటే లెక్క వాడే చేసిపెట్టిండు.

హ్యాండిక్యాప్_హరి
అంకుల్, సగం నిజం చెప్పి మొత్తం ముంచుతున్నారు. మంచి గుర్రానికి బరువు వేసేదే మిగతావాటితో సమానం చెయ్యడానికి. పైగా ఇది 3200 మీటర్లు. మొదటి కిలోమీటరులో తెలియని రెండు కిలోలు ఆఖరి 450 మీటర్ల తిన్నని దారిలో, అంటే స్ట్రెయిట్‌లో, బండరాయి అవుతాయి. ఫార్ ల్యాప్ 1930లో 62.5 కిలోల పైన మోసి గెలిచింది, మరుసటి ఏడు 68 వేస్తే ఎనిమిదో స్థానం. అదే గుర్రం! ఇంతకంటే రుజువేం కావాలి?

మలక్‌పేట_పాతకాపు
కార్బైన్ 1890లో 66 కిలోలు మోసి 39 గుర్రాల గుంపులో గెలవలేదా? మకైబీ దివా 2005లో 58 కిలోలతో మూడో కప్ కొట్టలేదా? పుస్తకం నేనూ చదివిన.

హ్యాండిక్యాప్_హరి
160 ఏళ్ల పైచిలుకు చరిత్రలో రెండు మహా గుర్రాలు ఏరుకొచ్చి సూత్రం చేస్తే ఎలా అంకుల్? అవి గెలిచాయి కాబట్టే ఇంకా పేర్లు చెప్పుకుంటున్నాం. బరువు మోసి ఓడిపోయిన ఒకటో నంబర్లు ఎన్నున్నాయో లెక్క తీయమంటారా?

కొత్త_పిట్ట
మధ్యలో వస్తున్నందుకు సారీ. బరువంటే జాకీ బరువేనా? అంత సన్నగా ఉంటారు కదా, 58 కిలోలు ఎక్కడివి?

హ్యాండిక్యాప్_హరి
జాకీ, జీను కలిపి. తక్కువైతే జీను జేబుల్లో సీసం బిళ్లలు పెడతారు. రేసు అయ్యాక మళ్లీ తూకం వేస్తారు.

మలక్‌పేట_పాతకాపు
ఈ మాత్రం చెప్పడానికి నువ్వెందుకు, నేను లేనా. మలక్‌పేటలో జాకీలు తూకానికి పోయేటప్పుడు పక్కనే నిలబడి చూసినవాణ్ని.

సిడ్నీ_సుబ్బడు
పాపం మెల్‌బోర్న్‌వాళ్లు కప్ మొదలైన 1861 దగ్గరే ఆగిపోయారు. మా సిడ్నీ ఎవరెస్ట్ రేసు చూడండయ్యా, 2017లో మొదలై ఇప్పుడు ప్రైజ్ 2 కోట్ల డాలర్లు. ఈ శనివారమే ర్యాండ్‌విక్‌లో. హాంకాంగ్ నుంచి కా యింగ్ రైజింగ్ దిగింది, దాని ముందు మీ కప్ గుర్రాలన్నీ తోపుడు బళ్లు.

రైలు_రాజు
1200 మీటర్లు. టీ కప్పు ఎత్తి దించేలోపు అయిపోతుంది. దానికోసం సూట్ ఇస్త్రీ చేయించుకోవాలా?

సిడ్నీ_సుబ్బడు
మీరు మూడు నిమిషాల రేసు కోసం నాలుగు రోజులు సెలవు పెడతారు, మేం ఏమన్నా అన్నామా? పైగా మీ గుర్రాలు ఎడమకి తిరుగుతాయి, మావి కుడికి. ప్రదక్షిణ ఎటు చెయ్యాలో మాకు తెలుసు.

గులాబీ_వదిన
హహ. ప్రదక్షిణ అంటే గుర్తొచ్చింది, ఈసారి కప్ మర్నాడే కార్తీక పౌర్ణమి. వీళ్లు వసంతం అంటారు, మనకి కార్తీకం. మా అత్తగారు ఫోన్‌లో "వసంతమంటే ఉగాది కదే, నువ్వేమిటి స్వెటర్ వేసుకున్నావు" అని అడుగుతారు, ఏం చెప్పాలో తెలియదు. తిండి అడిగావు కదూ తమ్ముడూ, పులిహోర డబ్బా నేను పట్టుకెళ్లాను, మూత తీసి చూసి పంపారు. గాజు సీసాలు, మందు మాత్రం ఒప్పుకోరు. రూల్స్ ఏటా మారుతుంటాయి, టికెట్ కొనేటప్పుడు చూసుకోండి.

పెంజాన్స్_వీరుడు
ఇవన్నీ కాదు గానీ, 2015 గురించి ఎవరూ మాట్లాడరేం? గుర్రం ప్రిన్స్ ఆఫ్ పెంజాన్స్, ఎక్కింది మిషెల్ పేన్, కప్ గెలిచిన మొదటి మహిళా జాకీ. ధర 101, అంటే గెలిస్తే డాలరుకి 101. నేను కట్టాను. ఆ డబ్బుతోనే మొదటి కారు కొన్నాను.

హ్యాండిక్యాప్_హరి
ఈ ఊళ్లో ఆ గుర్రం కట్టానని చెప్పినవాళ్లంతా నిజంగా కట్టి ఉంటే ధర 101 ఎక్కడుండేది బ్రో, మూడుకి పడిపోయేది.

పెంజాన్స్_వీరుడు
నమ్మకపోతే నీ ఖర్మ. టికెట్ ఫొటో పాత ఫోన్‌లో ఉంది.

ఒకప్పటి_పందెగాడు
నవ్వుకోండి, బాగానే ఉంది. నా మాట కూడా వినండి. నేనూ మొదటి ఏడు ఐదు డాలర్లతోనే మొదలుపెట్టాను. ఒక యాప్ బోనస్ ఇచ్చింది. రేసు కార్నివాల్‌లోనే ఉంటుందనుకున్నా, కాదు, ఫోన్‌లో రోజూ ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి ఎక్కడో పేరు తెలియని ఊళ్లో కుక్కల పందెం కూడా చూశాను. ఆరు నెలల్లో ఇంటికి పంపాల్సిన డబ్బు పోయింది. నాన్నకి శాలరీ ఆలస్యమైందని చెప్పాను, మూడుసార్లు. ఇప్పుడు బెట్‌స్టాప్‌లో (పందేలు మానాలనుకునేవాళ్ల ప్రభుత్వ జాబితా) పేరు ఇచ్చేశాను, లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఒకేసారి మనకి తలుపు మూసేస్తాయి. రేస్ కోర్సుకి వెళ్లండి, చూడండి. పందెం కట్టాలంటే నోటు ఇచ్చి కాగితం తీసుకోండి. యాప్ దించుకోవద్దు.

టార్నీట్_తమ్ముడు
థాంక్స్ అన్నా. యాప్ దించుకోను. ప్రామ్ గురించి ఎవరైనా...

పచ్చగడ్డి
థ్రెడ్ మొత్తం చదివాను. చీరలు, పులిహోర, బరువు లెక్కలు. 2020 కప్‌లో ఆంథనీ వాన్ డైక్ అనే గుర్రాన్ని ట్రాక్ మీద నుంచి ప్రాణాలతో తీసుకురాలేకపోయారు. 2014లో ఫేవరెట్ అడ్మైర్ రక్తి రేసు అయ్యాక స్టాల్‌లోనే కూలి చనిపోయింది. ఒక్కరికీ గుర్తు లేదా? మా టీంలో సగం మంది కప్ రోజు ఆఫీసు లంచ్‌కి కూడా రారు.

మలక్‌పేట_పాతకాపు
ఆదివారం చికెన్ బిర్యానీ తిని సోమవారం గుర్రం మీద ప్రేమ. గుర్రాల దగ్గర ఒక్క రోజు పనిచేసినవా? వాటిని మా ఇంటి పిల్లల కంటే ఎక్కువ చూసుకుంటరు.

పచ్చగడ్డి
నేను పదకొండేళ్లుగా మాంసం ముట్టలేదు. తెలియకుండా మాట్లాడకండి. ఇంటి పిల్లల్ని కొరడాతో కొడతారా మీరు?

మలక్‌పేట_పాతకాపు
నా వయసుకి గౌరవం లేకుండా

హ్యాండిక్యాప్_హరి
అంకుల్, ఆగండి. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. 2020 తర్వాతే విదేశీ గుర్రాలకి కాళ్ల సీటీ స్కాన్ తప్పనిసరి చేశారు. తప్పు లేకపోతే మార్చేవాళ్లా? నేను రేసులు మానలేదు, కానీ ఆ రోజు టీవీ కట్టేశాను.

అడ్మిన్
ఇద్దరూ చల్లబడండి. మూడు కామెంట్లు తీసేశాను.

వ్యాలీ_పిచ్చోడు
ఎవరూ కాక్స్ ప్లేట్ రేసు మాట ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. కప్ అంటే జాతర. అసలు గుర్రాన్ని చూడాలంటే మూనీ వ్యాలీ, 2040 మీటర్లు, వయసుకి తగ్గ బరువు, హ్యాండిక్యాప్ గొడవ లేదు. 2018లో వింక్స్ నాలుగోసారి గెలిచిన రోజు నేను కంచె పక్కనే ఉన్నాను. అప్పుడు అక్కడ ఆఖరి స్ట్రెయిట్ 173 మీటర్లే, మలుపు తిరగడమే గీత దగ్గరికి వచ్చేసినట్టు ఉండేది. గుర్రాలు కనపడకముందే కంచె మీద పెట్టిన చేతికి అదురు తెలిసింది. తర్వాత డెక్కల చప్పుడు. ఆ తర్వాత జనం అరుపులో అన్నీ కలిసిపోయాయి. పక్కన ఒక ముసలాయన చేతిలోని రేస్ బుక్ చుట్ట చుట్టి నా వీపు మీద కొడుతూనే ఉన్నాడు, నేనెవరో తెలియదు ఆయనకి. బీరు నా చొక్కా మీద ఒలికిందని ఇంటికి వచ్చాకే చూసుకున్నా.

సిడ్నీ_సుబ్బడు
వింక్స్ మా సిడ్నీ గుర్రం. అది మాత్రం రాయరు.

మలక్‌పేట_పాతకాపు (అక్టోబర్ 19)
నిన్న కాల్‌ఫీల్డ్ కప్ చూసిండ్రా? గెలిచిన గుర్రం హాఫ్ యువర్స్, జాకీ జేమీ మెల్హమ్. బాగుంది. కానీ రాసిపెట్టుకోండి, 2400 మీటర్లు గెలిచింది 3200 గెలవదు. కాల్‌ఫీల్డ్‌లో శక్తి అంతా అయిపోతది.

హ్యాండిక్యాప్_హరి
ఎథీరియల్ 2001. వితౌట్ ఎ ఫైట్ 2023. రెండూ రెండు కప్పులూ గెలిచాయి. రాసిపెట్టుకున్నాను అంకుల్, స్క్రీన్‌షాట్ కూడా తీశాను.

సిడ్నీ_సుబ్బడు
మా కా యింగ్ రైజింగ్ గెలిచింది, ఎవరూ అడగట్లేదు.

టార్నీట్_తమ్ముడు (నవంబర్ 5)
నిన్న కప్‌కే వెళ్లాం. ఆఫీసులో అందరూ కప్ రోజు తప్ప ఏ రోజైనా వెళ్లమన్నారు కానీ సెలవు దొరికింది ఆ ఒక్క రోజే. వాన. పొద్దున బయల్దేరినప్పుడు సన్నగా ఉంది, గేటు దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ పోచంపల్లి చీర కుచ్చిళ్లు మోకాలి దాకా తడిసి, కాళ్లకి అతుక్కుపోయి ముదురు రంగుకి తిరిగాయి. వదిన మాట విని బాటా చెప్పులు వేసుకుంది, లేకపోతే అక్కడే ఉండిపోయేవాళ్లం. ప్రామ్ గురించి ఎవరూ చెప్పలేదు కదా, నేనే చెప్తున్నా: తీసుకెళ్లొచ్చు, కానీ పిల్లాడు అందులో ఒక్క నిమిషం కూర్చోలేదు. పులిహోర డబ్బా, గొడుగు, నా కోటు దర్జాగా కూర్చున్నాయి. వాడు నా భుజాల మీద.

ఐదు డాలర్లు ఎవరి మీద కట్టాలో జాబితా చదువుతుంటే మా ఆవిడ "హాఫ్ యువర్స్... సగం నీది. పేరు బాగుంది, గెలిస్తే సగం నాది" అంది. కౌంటర్‌లో కాగితం తీసుకున్నాం. రేసు మొదలయ్యాక మాకు రంగులు ఏమీ కనపడలేదు, ముందు గొడుగులే. ఎవరు గెలిచారో స్పీకర్‌లో పేరు వినపడేదాకా తెలియదు. ఆవిడ అరిచిన అరుపుకి బాబు ఏడ్చాడు. కప్ గెలిచిన రెండో మహిళా జాకీ అట. డబ్బు సగం సగం కాదు, మొత్తం ఆవిడ పర్సులోనే ఉంది.

గులాబీ_వదిన
తడిసిన పోచంపల్లిని ఎండలో వెయ్యద్దు, నీడలో ఆరెయ్యమను. రంగు పోతుంది.

హ్యాండిక్యాప్_హరి
అంకుల్? ఒకటో నంబర్ గెలవలేదు. కాల్‌ఫీల్డ్ గెలిచిందే గెలిచింది. స్క్రీన్‌షాట్ పెట్టమంటారా?

మలక్‌పేట_పాతకాపు
నేను ఇక్కడ అన్నది వేరు, పొద్దున ప్యాడాక్‌లో చూసినాక మనసు మార్చుకున్నది వేరు. చెవులు ముందుకి ఉన్నయి. నేను కూడా హాఫ్ యువర్స్ కట్టిన.

పెంజాన్స్_వీరుడు
టికెట్ ఫొటో పెట్టండి అంకుల్.

మలక్‌పేట_పాతకాపు
వానలో తడిసిపోయింది.