ఆ జ్వరం వల్లే బాబుకి షుగర్ వచ్చిందా? పాపకి కూడా టెస్ట్ చేయించాలా?

నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా బాబుకి 8 ఏళ్లు. వినాయక చవితి ముందు నాలుగు రోజులు జ్వరం, నోట్లో పుండ్లు. తగ్గిపోయిందనుకున్నాం. నెల తిరక్కుండానే ఒకటే దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రం, బాగా చిక్కిపోయాడు. షుగర్ 480. టైప్ 1 అన్నారు. ఇప్పుడు రోజుకి నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు.

"ఆ జ్వరమే తెచ్చిందా అమ్మాయ్?" అని మా అత్తగారు రోజూ అడుగుతున్నారు. కాక్సాకీ బి లాంటి ఎంటెరోవైరస్‌ల మీద శాస్త్రవేత్తలకి చాలాకాలంగా అనుమానం ఉందని చదివాను. 2019లో వచ్చిన టెడ్డీ అనే, పిల్లల్లో టైప్ 1 ఎందుకొస్తుందో చూసే అధ్యయనంలో, ఈ రకం వైరస్ ఒంట్లో ఎక్కువకాలం నిలిచిన పిల్లల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద సొంత రోగనిరోధక శక్తే చేసే దాడి ఎక్కువగా కనిపించిందట. కానీ ఆ దాడి లక్షణాలకి నెలలు, ఏళ్ల ముందే మొదలవుతుందంటారు. అలాగైతే మొన్నటి జ్వరం ఉన్నదాన్ని బయటపెట్టిందంతేనా?

నా అసలు భయం పాప గురించి. దానికి 4 ఏళ్లు. తోబుట్టువుల్లో నూటికి ఐదారుగురికి రావచ్చట. జలుబు చేసినా నాకు టెన్షనే. ఆ దాడి మొదలైందేమో చూసే గాడ్, ఐఏ2 యాంటీబాడీ రక్తపరీక్షలు గుంటూరులో గానీ విజయవాడలో గానీ చేయించినవాళ్లున్నారా? ఎంతయింది? పాజిటివ్ వస్తే మీ డాక్టర్ ఏం చెప్పారు? దయచేసి చెప్పండి.