రాతిగోడల ఇంట్లో వైఫై: వంటింటిదాకా అందాలి, బాడుగవాళ్లది వేరుగా ఉండాలి

కడప_మిద్దె:
కడపలో పాత మిద్దె ఇల్లు. గోడలు రాతివి, అడుగున్నర మందం. ఫైబర్ బాక్స్ వీధి గదిలో బీరువా మీద ఉంది, 100 ఎంబీపీఎస్ ప్లాను. వైఫై రెండు బ్యాండుల్లో వంటింట్లో 2.4 గిగాహెర్ట్జ్ ఒక్క గీత చూపిస్తుంది, 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించదు. మిద్దెపైన గదిలో చదువుకునే పిల్లలు బాడుగకున్నారు. వాళ్లకూ ఇదే పాస్‌వర్డ్, అది నా ఫోన్ నంబరు. కెమెరాల రికార్డింగు పెట్టె (డీవీఆర్) కూడా దీని మీదే నడుస్తోంది. ప్లగ్గులో పెట్టే రిపీటర్ కొంటే సరిపోతుందా?

ప్రొద్దుటూరు_కేబుల్:
రిపీటర్ వద్దన్నా. దానిదాకా వచ్చే సిగ్నలే అంతంతమాత్రం, అదే మళ్లీ పంచుతుంది. ఒకే బ్యాండు రకమైతే వేగం సగానికి పడిపోతుంది. రాతిగోడకు మందు కేబులే. పూర్తి రాగి క్యాట్6 నెట్ కేబుల్ అడిగి కొనండి, రాగి పూత వేసిన అల్యూమినియం తీగ వంచిన చోట విరుగుతుంది. గోడకు 10 ఎంఎం బెజ్జం చాలు, అయితే ముందు తీగ దూర్చి తర్వాతే కొసకు హెడ్ (పోర్టులో గుచ్చే ప్లాస్టిక్ ముక్క) క్రింప్ చేయాలి, అంటే నొక్కి బిగించాలి, హెడ్ అందులో పట్టదు. రంగుల వరస రెండు కొసల్లోనూ ఒకటే: తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ అందకపోయినా లింకు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. మిద్దెపైకి పోయే తీగను పీవీసీ పైపులో వేయండి, మన ఎండకు మామూలు తొడుగు పెళుసెక్కుతుంది. కరెంటు వైర్ల పైపులో మాత్రం వేయొద్దు.

బాక్స్‌ను బీరువా మీదనుంచి గోడకు మార్పించండి, ఇనుప రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. ఫైబర్ తీగ గట్టిగా మడత పడితే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగి సిగ్నల్ పోతుంది, కాబట్టి ఆ పని లైన్‌మన్‌తోనే చేయించండి.

అనంత_నెట్:
కేబుల్ ఎలాగూ వేస్తున్నారు కాబట్టి వేరుచేయడం అక్కడే తేల్చుకోండి. మధ్య గదిలో సొంత రౌటర్ పెట్టి, ఫైబర్ బాక్స్ నుంచి వచ్చే తీగను దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ తీసుకునే పోర్టు) గుచ్చండి. మీ ఫోన్లు, ల్యాప్‌టాప్, డీవీఆర్ అన్నీ ఈ రౌటర్ కిందికి. పిల్లలకు ఫైబర్ బాక్స్ నుంచి ఇంకో తీగ, పైన యాక్సెస్ పాయింట్, అంటే తీగలో వచ్చే నెట్‌ను వైఫైగా పంచే పెట్టె. అప్పుడు వాళ్ల వైపు నుంచి మీ సామానుకు దారి ఉండదు. తిప్పి పెడితే, అంటే మీరు ఫైబర్ బాక్స్ మీద, వాళ్లు రెండో రౌటర్ కింద ఉంటే, వాళ్లకు మీ డీవీఆర్ అందుతుంది. బాక్స్ ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని నంబరు) 192.168.1.1 అయితే రౌటర్‌ది 192.168.2.1 చేయండి, రెండూ ఒకటైతే నెట్ రాదు.

ఫోన్ నంబరు పాస్‌వర్డ్ ఈరోజే తీసేయండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 తోనే మొదలవుతాయి, అంటే మొత్తం 400 కోట్లే. ఫోన్ కనెక్టయ్యేటప్పటి సంకేతాలు పట్టుకుంటే మంచి గ్రాఫిక్స్ కార్డుకు ఆ నంబర్లన్నీ వేసి చూడటం కొన్ని గంటల పని. సంబంధం లేని 4, 5 మాటలు కలిపి 16 అక్షరాలు దాటించండి. వైఫై సెట్టింగుల్లో సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి, పరికరాలన్నీ కొత్తవైతే డబ్ల్యూపీఏ3. పాస్‌వర్డ్ బదులు పిన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి: దాని 8 అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఫైబర్ బాక్స్‌లోకి లాగిన్ అయ్యే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, పిల్లలు ఉండేది దాని మీదే.

కడప_మిద్దె:
బాక్స్‌లోనే పిల్లలకు వేరే పేరుతో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, మన నెట్‌వర్క్ పేరు దాచిపెడితే చాలదా?

అనంత_నెట్:
పేరు దాచినా లాభం లేదు, మీ ఫోన్ కనెక్టయ్యేటప్పుడు ఆ పేరు గాల్లోకి వెళ్తూనే ఉంటుంది. గెస్ట్ సంగతి పరీక్షించి నమ్మండి: గెస్ట్‌లో ఉన్న ఫోన్ బ్రౌజర్లో డీవీఆర్ అడ్రసు కొట్టండి, లాగిన్ పేజీ తెరుచుకుంటే అది పేరుకే వేరు. పైగా గెస్ట్ పెట్టినంత మాత్రాన వంటింటికి సిగ్నల్ రాదు కదా.

ప్రొద్దుటూరు_కేబుల్:
కరెంటు పోయినప్పుడు నెట్ కావాలంటే బాక్స్‌కూ రౌటర్‌కూ మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) పెట్టుకోండి. అది ఇచ్చే వోల్టు అడాప్టర్ మీద రాసినంతే సరిగ్గా ఉండాలి, ఆంపియర్ అంతకన్నా ఎక్కువున్నా పర్వాలేదు. 9 వోల్టుల రౌటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు.