యాక్సిడెంట్ అయినోళ్లను ముట్టుకుంటే మన మీద కేసు అయితదా?

హసన్‌పర్తి పోరడు: నిన్న రాత్రి మా రోడ్డు మీద బైక్ పడి ఒకాయనకు తలకాయ పగిలింది, అందరు వీడియో తీస్తుండ్రు, నేను తువ్వాల ఒత్తిపట్టి 108కి ఫోన్ చేసిన. పక్కనోళ్లు ఆయనకేమన్నా అయితే నీ మీదికే వస్తది అన్నరు, రాత్రంత నిద్రపట్టలే. నిజమేనా?

కోర్టు గుమాస్తా: ఏం కాదు తమ్మీ. మోటారు వాహనాల చట్టంల 2019ల 134ఏ సెక్షన్ పెట్టిండ్రు, రోడ్డు ప్రమాదంల మంచి మనసుతోని, పైసలు ఆశపడకుంట సాయం చేసినోళ్ల చేతిల పొరపాటు జరిగినా సివిల్ కేసు, క్రిమినల్ కేసు రెండూ ఉండయి. పేరు, అడ్రస్ చెప్పుమని బలవంతం చెయ్యొద్దు. సుప్రీంకోర్టు 2016లనే ఈ రక్షణలకు ముద్ర ఏసింది. ఆగి ఆసుపత్రికి తీస్కపోవాల్సిన బాధ్యత గుద్దిన డ్రైవర్‌ది, అది 134 సెక్షన్.

నర్సక్క: మంచి పని చేసినవ్ బిడ్డా. నెత్తురు కారేకాడ ఒత్తిపట్టుడే ముఖ్యం. సోయి లేనోళ్లకు మాత్రం నీళ్లు తాపకుండ్రి, ఊపిరితిత్తులల్లకు పోతయి. మెడ కదిలియ్యద్దు.

హసన్‌పర్తి పోరడు: సల్లగ చెప్పిండ్రు అక్కా, అన్నా. ఆయన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిల ఉన్నడట, రేపు పోయి చూసొస్త.