అమ్మగారికి మోకాలి కీలు మార్పిడి: ఆసుపత్రిలో, ఇంట్లో ఏమేమి ఎదురవుతాయి?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నివాసి)

మా అమ్మగారికి 67 ఏళ్లు. మధుమేహం ఉన్నా మాత్రలతో అదుపులోనే ఉంది. కుడి మోకాలిలో మృదులాస్థి పూర్తిగా అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటోందని ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు చెప్పి, కీలు మార్పిడి తప్పదన్నారు. ఎడమ మోకాలు కూడా అంతంతమాత్రమే కనుక రెండూ ఒకేసారి చేయించుకోవచ్చునని అన్నారు గాని, నిర్ణయం మాకే వదిలేశారు. ఓపీ రద్దీలో మిగతావేవీ అడగలేకపోయాము. ఆపరేషన్ సమయంలో ఆమెకు మెలకువ ఉంటుందా, నొప్పి ఎలా ఉంటుంది, లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉన్న మేము ఇల్లు మారవలసి ఉంటుందా అన్నవి నా సందేహాలు. అమ్మగారు మాత్రం కింద కూర్చుని పూజ చేసుకోగలనా అని ఒక్కటే అడుగుతున్నారు.

జవాబు 1 (మల్కాజిగిరి నివాసి)

మా అత్తగారికి కిందటి ఏడాది ఇదే ఆపరేషన్ జరిగింది కనుక ఆసుపత్రి లోపలి సంగతులు రాస్తున్నాను. ముందు ప్రీ అనస్థీషియా చెకప్ (మత్తు ఇవ్వడానికి ముందు చేసే పరీక్ష) పేరుతో ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగు), రక్త, మూత్ర పరీక్షలు చేయిస్తారు. మధుమేహం ఉన్నవారికి మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూస్తారు. అది బాగా ఎక్కువగా ఉంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది. పుచ్చిపోయి చీము పట్టిన పన్ను, కాలి వేళ్ల మధ్య మానని పుండు వంటివి మనకు చిన్నవిగా కనిపించినా, అక్కడి సూక్ష్మజీవులు రక్తంలో చేరి కొత్త కీలును పట్టుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి అవి ముందు నయం కావాలంటారు. ఇటీవల మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఎందుకంటే అది వేసిన మూడు నెలలలోపు కీలు మార్పిడి చేస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. రక్తం పలుచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టర్లే చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు.

ఎక్కువ మందికి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింది భాగాన్ని మొద్దుబారుస్తారు. నొప్పి తెలియదు గాని రంపం, సుత్తి చప్పుళ్లు చెవిన పడతాయి. పక్క గదిలో తలుపులు బిగిస్తున్నారేమో అనుకున్నానని మా అత్తగారు తరువాత చెప్పారు. అవి వినకూడదనుకుంటే మగత కలిగించే మందు కూడా ఇవ్వమని మత్తు డాక్టరుగారిని ముందే అడగవచ్చు. కీలు మార్చడానికి గంటన్నర అటూ ఇటూ పట్టినా, లోపలికి తీసుకువెళ్లినప్పటి నుంచి మళ్లీ మీకు చూపించేసరికి అంతకు రెట్టింపు సమయం కావచ్చు, కంగారు పడకండి. రికవరీ గదిలో ఒళ్లంతా వణకడం కూడా మామూలే.

అసలు నొప్పి మొద్దుబారిన కాలికి తిరిగి స్పర్శ వచ్చేటప్పుడు మొదలవుతుంది. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత ఉందో చెప్పమని నర్సు అడిగితే మన పెద్దవాళ్లు ‘పరవాలేదమ్మా’ అని ఊరుకుంటారు. పక్కనున్నవారు పూనుకుని నిజం చెప్పించాలి. నొప్పి ముదరక ముందే మందు పడితేనే మరునాడు లేచి నిలబడగలుగుతారు.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు, తార్నాక)

ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయించడం నా వృత్తి. ఆపరేషన్ నాటి సాయంత్రమో మరునాడో వాకర్ ఇచ్చి నాలుగడుగులు వేయిస్తారు. అది చూసి ఇంట్లోవాళ్లు కష్టం గట్టెక్కిందనుకుంటారు గాని, నా దృష్టిలో అసలు పని ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. మొదటి ఆరు వారాలలో వంపు రాబట్టకపోతే లోపల కండ బిగుసుకుపోయి తరువాత ఎంత శ్రమపడినా ఫలితం తక్కువ. కుర్చీలోంచి సులువుగా లేవాలంటే మోకాలు కనీసం 90 డిగ్రీలు వంగాలి.

వంపు కంటే ముందు కాలు పూర్తిగా చాచగలగడం ముఖ్యం. సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టే అలవాటు దాదాపు ప్రతి ఇంట్లోనూ చూస్తాను. కాలు అలా వంగి ఉండిపోతే నడక కుంటుపడుతుంది. దిండు పెట్టదలిస్తే మడమ కింద పెట్టండి. వ్యాయామం అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు ఉంచితే వాపు తగ్గుతుంది.

మోకాలు వెచ్చగా ఉండడం, సాయంత్రానికి వాయడం కొన్ని నెలల పాటు ఉంటాయి. కుట్టుకు బయటి వైపు చర్మం తిమ్మిరిగా ఉన్నా, నడుస్తుంటే టక్కుమని చప్పుడైనా బెంగపడనక్కరలేదు. కుట్టు నుంచి రసి లేదా చీము కారడం, చలితో జ్వరం రావడం, పిక్క గట్టిపడి నొప్పి పుట్టడం కనిపిస్తే మాత్రం ఆ రోజే డాక్టరుగారికి చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

పూజ విషయం. కొత్త కీలు సాధారణంగా 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది, బాసింపట్టుకు అది చాలదు. దేవుడి పటాలను బల్ల ఎత్తుకు మార్చి, చేతులున్న కుర్చీ వేయండి. ఇంట్లో కమోడ్ లేకపోతే అది ఆపరేషన్‌కు ముందే అమర్చుకోవాలి.

జవాబు 3 (కూకట్‌పల్లి నివాసి)

ఖర్చు సంగతి ఎవరూ రాయలేదు. మోకాలి ఇంప్లాంట్ల (లోపల అమర్చే కృత్రిమ కీళ్ల) ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో జీఎస్టీ కాక 54,720 రూపాయలు. ఆ పరిమితి ఇంప్లాంటుకే గాని గది అద్దెకూ డాక్టరు ఫీజుకూ కాదు కనుక, ప్యాకేజీ మొత్తాన్ని మాత్రమే చెబితే విడివిడిగా రాసిమ్మని అడగండి. ఇంప్లాంటు పెట్టెపై ఉండే స్టిక్కరు నకలు డిశ్చార్జి కాగితాలతో భద్రపరచండి, ఎప్పుడైనా కీలును మళ్లీ మార్చవలసి వస్తే అది అవసరమవుతుంది. బీమా ఉంటే కీలు మార్పిడికి నిరీక్షణ కాలం (పాలసీ తీసుకున్నాక ఆ చికిత్సకు బీమా వర్తించని మొదటి కొంత కాలం) ముగిసిందో లేదో, గది అద్దెకు పరిమితి ఉందో చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించడం గురించీ, మెట్ల గురించీ కూడా చెప్పగలరా?

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు, తార్నాక)

రెండూ ఒకేసారి అయితే మత్తు ఒక్కసారితో పోతుంది గాని, రక్తస్రావం, గుండెపై భారం ఎక్కువ. ఎకో రిపోర్టు చూశాక మత్తు డాక్టరుగారు ఏమంటారో వినే దాకా మీరు ఏదీ తేల్చుకోకండి. నా అనుభవంలో మధుమేహం ఉన్న ఈ వయసువారికి విడివిడిగా చేసినప్పుడు, ఆనుకుని నిలబడడానికి ఒక కాలైనా ఉంటుంది కనుక, ఇంట్లో సాయం చేసేవారికీ సులువుగా ఉంటుంది.

ఇల్లు మారనక్కరలేదు. డిశ్చార్జికి ముందే మెట్లెక్కడం నేర్పించమని అడగండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ జరిగిన కాలు ముందు వేయాలి. ఒక చెయ్యి రెయిలింగుపై ఉండాలి, ఎక్కేటప్పుడు మీరు ఆమె వెనుక, దిగేటప్పుడు ఒక మెట్టు కింద ఉండాలి. రెండు వారాలకు కుట్లు విప్పించడానికి ఎలాగూ దిగక తప్పదు, ఆ లోపు రోజుకు పలుమార్లు ఎక్కించి దించే పని పెట్టుకోకండి.